వెన్న చప్పుడు ఆగినప్పుడు

షహజాదీ కూర రుచి చూడటం ఇంట్లో ఎవరూ ఎరగరు. గరిటెలోంచి చుక్క అరచేతిలో వేసుకుని నాకడం చేతకానివాళ్ల పని అని ఆమె ఉద్దేశం. మూత కొంచెం పక్కకు జరిపి, కొంగుతో ఆవిరిని తన వైపు తోలుకుని, ఒక్కసారి ఊపిరి తీసేది. "ఉప్పు తక్కువైంది" అనేది, లేదంటే "ఇంకా పచ్చివాసన పోలే" అనేది. ఉప్పుకు వాసన ఏముంటుందని భర్త జమాలుద్దీన్ నవ్వేవాడు. తిని చూస్తే మాత్రం తక్కువే ఉండేది.

వాళ్లది వరంగల్ మట్టెవాడలో, కింద రెండు గదులు, పైన రెండు గదులు ఉన్న ఇల్లు. జమాలుద్దీన్‌కు కొత్తవాడలో జంపఖానాల దుకాణం. ఒక్కడే కొడుకు సోహెల్, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో టెక్నీషియన్. భార్యాభర్తలిద్దరూ తొర్రూరు వైపు పల్లెల్లో పుట్టినవాళ్లే కాబట్టి ఇంట్లో మాట తెలుగే, మధ్యమధ్య కొంచెం ఉర్దూ. షహజాదీ బగారన్నానికీ దాల్చాకూ ఆ గల్లీలో పేరుంది. పక్కింటి అనసూయ దాల్చా వాసన తగలగానే గిన్నె పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చేది.

కోడలు ఫిర్దోస్ హైదరాబాద్ పిల్ల. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఒక పెద్ద హోటల్లో ఫ్రెంచ్ వంటలు చేసే కిచెన్‌లో కొన్నేళ్లు పనిచేసింది. లాక్‌డౌన్‌లో ఆ రెస్టారెంట్ మూతబడింది. అదే ఏడాది చివర సోహెల్‌తో పెళ్లయి వరంగల్ వచ్చింది. వచ్చిన మర్నాడే వంటింట్లోకి పోతే అత్త ప్రేమగా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "నువ్వు కూసో బిడ్డా, నేనున్న గద" అంది. ఆ మాటలో కోపం లేదు. కానీ తర్వాత కూడా ఆ మాటే చెప్పింది, ఆ తర్వాత కూడా. ఫిర్దోస్ చాయ్ పెట్టడం వరకే మిగిలింది. హోటల్ నుంచి తెచ్చుకున్న కత్తులు గుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టేసింది.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు ఇంట్లో నలుగురికీ జ్వరం తగిలింది. ఎవరికీ దవాఖానలో చేరాల్సిన అవసరం రాలేదు. పదిహేను ఇరవై రోజుల్లో అందరూ లేచి తిరిగారు. ముగ్గురికి వాసన తిరిగొచ్చింది. షహజాదీకి రాలేదు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇవ్వాళ కాకపోతే రేపు వస్తుందనుకుంది. అప్పటిదాకా అలవాటు మీద చేయి నడుస్తుందనుకుంది. కానీ నడవలేదు. బగారన్నంలో పోపు మాడింది. విరగబోయే పాలతో చాయ్ పెట్టి ఇచ్చింది. తన నాలుకకు కారం ఒక్కటే గట్టిగా తెలిసేది కాబట్టి కూరల్లో కారం పెరుగుతూ పోయింది. జమాలుద్దీన్ దుకాణంలో కూర్చుని కడుపు మంటకు గోలీలు వేసుకునేవాడు, ఇంట్లో మాత్రం నోరెత్తేవాడు కాదు. ఒకరోజు అనసూయ గిన్నె తిరిగిచ్చేటప్పుడు మెల్లగా అడిగింది. "పానం మంచిగున్నదా అక్కా? పరేషాన్‌ల ఏమన్న ఉన్నవా?"

"మంచిగనే ఉన్న" అంది షహజాదీ. గిన్నె చేతికి తీసుకుంటే సగం బరువు అట్లాగే ఉంది.

ఆ తర్వాతి వారమే అసలు ప్రమాదం జరగబోయి తప్పింది. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ పోతూనే ఉంది. షహజాదీ పొయ్యికి రెండడుగుల దూరంలో నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మిద్దె మీద ఎండేసిన బట్టలు తీసుకుని దిగుతున్న ఫిర్దోస్‌కు మెట్ల మీదే వాసన గుప్పున కొట్టింది. బట్టలు అక్కడే వదిలేసి పరుగెత్తి నాబ్ తిప్పింది, కిటికీలు తెరిచింది, అత్తను రెక్క పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది.

"అమ్మీ, గింత గ్యాస్ వస్తాంటే మీకు తెల్వలేదా?"

షహజాదీ చేతిలో చేట అట్లాగే ఉంది. అందులోని బియ్యం వైపే చూస్తూ అంది. "నాకు వాసన వస్తలేదు బిడ్డా. జ్వరం వచ్చిన కాడికెంచి ఏదీ వస్తలేదు."

హనుమకొండలో చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించారు. నరం దెబ్బతిన్నదనీ, మెల్లగా రావచ్చనీ, ఎంతవరకు వస్తుందో తను చెప్పలేననీ ఆయన అన్నాడు. రోజూ లవంగం, నిమ్మకాయ లాంటివి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చమన్నాడు. ఇంటికొచ్చాక జమాలుద్దీన్ ఆలోచించి ఆలోచించి ఒక మాట చెప్పాడు. "ఇగ నువ్వు పొయ్యి కాడికి పోకు షహజాదీ. నీకేమన్న అయితే మేమేం కావాలె?"

అతను భయపడే అన్నాడు, ఆమెకు తెలుసు. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె ముందుగదిలో మంచం మీదే ఉండిపోయింది. లవంగం ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తెలియక మళ్లీ డబ్బాలో వేసేది. ఫిర్దోస్ వంట మొదలుపెట్టింది. అత్త చేసే వంటలే చేసింది, అత్తను అడిగే చేసింది. బాగానే ఉండేవి. కానీ నలుగురూ నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని మాటల్లేకుండా తిని లేచేవాళ్లు. ఇంట్లో ఎవరో ఊరికి పోయినట్టు ఉండేది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, మగవాళ్లు ఇంట్లో లేనప్పుడు, ఫిర్దోస్‌కు ఏదైనా తనకు నచ్చింది చేసుకుందామనిపించింది. గుడ్లు, పాలు, చక్కెర ఉన్నాయి. కారమెల్ కస్టర్డ్ చేద్దామని మందపాటి గిన్నెలో చక్కెర వేసి పొయ్యి మీద పెట్టింది. మంచినీళ్లకు వచ్చిన షహజాదీ గుమ్మం దగ్గర ఆగింది.

చక్కెర అంచుల్లో కరగడం మొదలైంది. ఫిర్దోస్ గరిటె పెట్టకుండా గిన్నెనే అటూ ఇటూ వంచుతోంది. పసుపు రంగు, తేనె రంగు, ఆ తర్వాత ముదురు ఎరుపు. రంగు మారుతుండగానే గిన్నె దించి చిన్న కప్పుల్లో పోసింది. తర్వాత పాలూ గుడ్డూ కలిపి సన్నటి మంట మీద వేడిచేస్తున్న మిశ్రమంలో గరిటె ముంచి, వెనక వైపు తిప్పి, వేలితో గీత గీసింది. గీత అట్లాగే నిలిచింది. "చాలు" అని తనలో తను అనుకుని పొయ్యి ఆర్పింది.

"ముక్కు పెట్టి చూడనే లేదు నువ్వు" అంది షహజాదీ వెనక నుంచి.

ఫిర్దోస్ తిరిగి చూసింది. "ఆడ వాసన ఎట్ల తెలుస్తది అమ్మీ? పొయ్యిల మీద పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతనే ఉంటయి. పక్కనోడు చేపలు ఏంచుతాంటడు, ఇంకోడు ఎల్లిగడ్డ ఏంచుతాంటడు. అన్ని వాసనలు కలిసిపోతయి. మా పెద్ద షెఫ్‌ది పాండిచ్చేరి. కండ్లు, చెవులు, ఏలు, గివి మూడు ఉంటే చాలు అంటుండె. వెన్న ఎప్పుడు అయిందో చప్పుడు విని చెప్పాలె. మమ్మల్ని అటు తిరిగి నిలబెట్టి అడుగుతుండె."

"చప్పుడు వినా?"

"వింటరా?"

ఫిర్దోస్ పెనంలో ఇంత వెన్న వేసింది. వెన్న కరిగి నురగ కట్టి చిటపటమంది. ఇద్దరూ పొయ్యి దగ్గర తలలు వంచి నిలబడ్డారు. చిటపటలు పెరిగాయి, అట్లాగే కొంచెంసేపు నడిచాయి, ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఆగిపోయాయి.

"ఇగో, ఇప్పుడు చూడున్రి" అంది ఫిర్దోస్. నురగ పక్కకు జరిపితే అడుగున చిన్న చిన్న గోధుమరంగు రవ్వలు. "అండ్ల నీళ్లు ఉన్నంతసేపే లొల్లి. నీళ్లు పోయినంక గప్‌చుప్. గప్పుడు దించకుంటే మాడుతది."

షహజాదీ పెనం మీదికి ఇంకా వంగింది. ముప్పై ఏళ్లుగా నెయ్యి కాస్తోంది. నెయ్యి గోల చేస్తుందనీ ఆపేస్తుందనీ ఆమె ఎన్నడూ గమనించలేదు. అంతకు ముందే ముక్కు చెప్పేసేది.

"నాకు నేర్పు" అంది.

మర్నాటి నుంచి మొదలైంది. ఫిర్దోస్ బీరువాలోంచి కత్తులు తీసింది. ఒక షరతు మాత్రం పెట్టింది. గ్యాస్ వెలిగించడం, ఆర్పడం ఇద్దరూ ఉన్నప్పుడే. జమాలుద్దీన్ గ్యాస్ లీకైతే మోగే చిన్న మిషన్ ఒకటి కొనుక్కొచ్చి గోడకు బిగించాడు. అది పెట్టాక అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

ముందు వంటిల్లు మారింది. షహజాదీ ఎప్పుడూ నేల మీద కత్తిపీట ముందు కూర్చుని కోసేది. పోపు చిటపటలాడుతుంటే ఉల్లిగడ్డ కోసేది, అది మగ్గుతుంటే టమాట కోసేది. ఫిర్దోస్ అట్లా కాదంది. పొయ్యి వెలిగించకముందే అన్నీ కోసి, కొలిచి, చిన్న గిన్నెల్లో వరసగా పెట్టుకోవాలి. దానికి ఫ్రెంచ్‌లో ఒక పేరుంది, "మీజాంప్లాస్". షహజాదీ దాన్ని "మీజా ప్లాసు" అంది, ఇల్లంతా అదే పేరు పడింది. దుకాణంలో జంపఖానాలు మడతపెట్టే పాత చెక్క బల్ల ఒకటి జమాలుద్దీన్ ఆటోలో వేయించి పంపాడు. దాన్ని వంటింటి మధ్యలో వేశారు. సోహెల్ గోడకు ఇనుప కడ్డీ బిగించి కొక్కేలు తగిలించాడు, పెనాలూ జల్లెడలూ వాటికి వేలాడాయి. కిటికీలో వాము మొక్క కుండీ పెట్టారు. ఫ్రెంచ్ వాళ్లు వాడే ఆకు ఒకటి వరంగల్‌లో దొరకదు, దాని బదులు వామాకు వేస్తే సరిపోతుందని ఫిర్దోస్ కనిపెట్టింది. వాళ్లు వైన్ పోసే చోట తను ద్రాక్షరసంలో కొంచెం సిర్కా, అంటే వెనిగర్, కలిపి పోసేది.

హోటల్లో షెఫ్ ఏది చెప్పినా "వీ, షెఫ్" అనాలని, అంటే సరే షెఫ్ అనీ ఫిర్దోస్ మాటల మధ్యలో చెప్పింది. సోహెల్ పట్టుకున్నాడు. "అమ్మీ, ఉల్లిగడ్డలు సన్నగ కోయాలెనట, వీ షెఫ్ అను." షహజాదీ నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె నవ్వి చాలా రోజులైంది.

నేర్చుకోవడం తేలిగ్గా జరగలేదు. తెల్ల సాస్ ఉండలు కట్టింది. ఆమ్లెట్ ఎర్రబడకుండా తీయాలంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఎర్రగ కాకపోతే అది కాలినట్టెట్ల?" అని వాదించింది. వెన్న మూడుసార్లు మాడ్చాక ఒకరోజు పెనాన్ని సింక్‌లో పడేసింది.

"కొత్తగ పనికి కుదిరినదాని లెక్క చేస్తాన నేను. ఈ వయసుల నాకెందుకు బిడ్డా ఇది? నా వంట నాకు పోయింది. దీన్నిడిసిపెట్టు."

ఫిర్దోస్ పెనం తీసి కడిగింది. "హోటల్‌ల చేరినంక మొదటి నెల నేను రోజు ఏడ్చిన అమ్మీ. కూరగాయలు పెట్టే చల్లటి రూం ఉంటది, అండ్లకు పోయి ఏడ్చి, మొకం తుడుచుకొని మల్లొచ్చేదాన్ని. సాస్ ఇరిగితే షెఫ్ తిట్టకపోతుండె. అందరి ముంగట పారబోసి, మల్ల చెయ్యమంటుండె. గదే ఎక్కువ బాధ."

"నువ్వు నన్ను ఏమంటలేవు."

"మీరు మా ఇంటి పెద్ద షెఫ్. మిమ్మల్ని నేనేమంట?"

షహజాదీ కాసేపు బల్ల దగ్గర కూర్చుంది. తర్వాత లేచి కొత్త వెన్న ముక్క పెనంలో వేసింది. ఈసారి కళ్లు మూసుకుని విన్నది. చప్పుడు తగ్గగానే చేయి దానంతటదే నాబ్ మీదికి పోయింది.

ఆమెకు మొట్టమొదట బాగా కుదిరింది ఉల్లిగడ్డ సూప్. ఉల్లిగడ్డలు వేయించడం ఆమెకు కొత్త కాదు. బిర్యానీ కోసం కరకరలాడేట్టు వేయించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కానీ ఇక్కడ సన్నటి మంట మీద, వెన్నలో, గంటకు దగ్గరగా కూర్చుని కలపాలి. తెల్లటి ముక్కలు అద్దంలా మెరిసి, మెత్తబడి, గుడ్డు పసుపు రంగుకూ అక్కడి నుంచి బెల్లం రంగుకూ తిరగడం ఆమె చూసింది. గరిటె అడుగున గీకినప్పుడు వచ్చే శబ్దం కూడా మారుతోంది. కొంచెం నీళ్లు చల్లితే అడుగున అంటినదంతా వదిలి ఉల్లిగడ్డలకు పట్టింది. ఆ తర్వాత కోడి ఎముకలు ఉడికించిన నీళ్లు పోశారు. మీద కాల్చిన బ్రెడ్డు, దాని మీద చీజ్.

సాయంత్రం ఆ సూప్ చూసి జమాలుద్దీన్ "దవాఖానల పెట్టే తిండి లెక్కున్నది" అన్నాడు. ఒక చెంచా తాగాడు. లేచి వంటింట్లోకి పోయి నిమ్మకాయ తొక్కు జాడీ తెచ్చుకున్నాడు. బ్రెడ్డుకు తొక్కు అద్దుకుని, సూప్‌లో ముంచుకుని తిన్నాడు. గిన్నె ఖాళీ చేసి మళ్లీ పోయమన్నాడు. "తొక్కు లేకుంట కూడ మంచిగనే ఉన్నది, ఉన్నదున్నట్టు చెప్పాలె" అన్నాడు. రెండోసారి తొక్కుతోనే తిన్నాడు.

షహజాదీ కూడా తిన్నది. వాసన లేదు. కానీ పైన బ్రెడ్డు పళ్ల కింద విరిగింది, చీజ్ సాగింది, కింద ఉల్లిగడ్డ తియ్యగా జారిపోయింది. "నాలికెకు ఏదో తెలుస్తాంది బిడ్డా" అంది. చాలా నెలల తర్వాత ఆమె ఆకలి తీరేట్టు తిన్నది ఆ రోజే.

ఆ తర్వాత ఆమె తన పాత వంటలను కూడా అదే పద్ధతిలో పట్టుకుంది. షాజీరా నూనెలో ఎప్పుడు ఉబ్బుతుంది, అల్లం ఎల్లిగడ్డ ముద్ద గోల ఎప్పుడు తగ్గుతుంది, పప్పు బుడగలు ఎప్పుడు పెద్దవై నెమ్మదిస్తాయి, అన్నీ చూసింది, విన్నది. ఉప్పు కోసం చెంచాతో రుచి చూడటం నేర్చుకుంది. రుచి చూసిన చెంచా మళ్లీ గిన్నెలో పెట్టకుండా, పక్కన గ్లాసులో వేయడం ఫిర్దోస్ నియమం. కారం తగ్గింది. జమాలుద్దీన్ గోలీలు మానేశాడు. మొదట ఎందుకు వేసుకున్నాడో భార్యకు చెప్పనే లేదు కాబట్టి ఎందుకు మానేశాడో చెప్పాల్సిన పని కూడా రాలేదు.

చలికాలంలో జమాలుద్దీన్ అక్క మహబూబ్‌బీ తొర్రూరు నుంచి వస్తున్నట్టు ఫోన్ చేసింది. ఆమె పెద్ద మనిషి, నోరు కూడా పెద్దదే. తమ్ముడి ఇంట్లో కోడలు వంటింటిని పట్టుకుందనీ, అత్తను మంచం మీద కూర్చోబెట్టి ఏవో తెల్లవాళ్ల వంటలు వండుతోందనీ ఎవరో ఆమె చెవిలో వేశారు. చూసి పోదామని బయల్దేరింది.

"ఆపాకు బిర్యానీ చేద్దామా అమ్మీ?" అని అడిగింది ఫిర్దోస్. మేనత్తను సోహెల్ ఫుప్పూ అన్నా, అత్త పిలిచినట్టు ఆపా అనే ఫిర్దోస్‌కు అలవాటు.

షహజాదీ తల అడ్డంగా ఊపింది. బిర్యానీ దమ్ము మీద ఉన్నప్పుడు మూత సందులోంచి వచ్చే వాసనతోనే ఆమె దించేది. ఇంకా ఆ ధైర్యం రాలేదు. "నువ్వేదో చెప్తివి గద, ఎల్లిగడ్డల కోడి. గది చేద్దాం."

అది ఫ్రెంచ్ పల్లెల వంట. ముక్కలు చేయని కోడిని వెన్నలో నలువైపులా ఎర్రగా వేయించి, పొట్టు తీయని ఎల్లిగడ్డ రెబ్బలు గుప్పిళ్లకొద్దీ వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద వదిలేయాలి. పొద్దున్నే బల్ల చుట్టూ కూర్చుని పని మొదలుపెట్టారు. సెలవు రోజు కావడంతో సోహెల్ కూడా రెబ్బలు విడదీశాడు. కోడి వేగింది, వామాకులు వేశారు, ద్రాక్షరసం సిర్కా కలిపి పోశారు. అప్పుడు ఫిర్దోస్ గోధుమపిండి తడిపి పొడుగ్గా తాడులా చేసి, దేగ్చీ గిన్నె అంచు చుట్టూ పెట్టి మూత అద్దింది.

షహజాదీ చేతులు తుడుచుకోవడం ఆపింది. "గిది దమ్ము గద."

"అవును అమ్మీ. వాళ్లు గూడ గిట్లనే చేస్తరు."

"మరి లోపట అయిందని వాళ్లకెట్ల తెలుస్తది?"

"పిండిని చూస్తరు. తెల్లగుంటే కాలే. గట్టిపడి, బిస్కట్ రంగు వచ్చినంక, మూతకు చెవి దగ్గరగ పెట్టి వింటరు. నీళ్లు మరుగుతున్న చప్పుడు పోయి నెమ్మదిగ చిటపట అంటే అయినట్టు."

షహజాదీ స్టూలు జరుపుకుని పొయ్యి పక్కనే కూర్చుంది. పిండి రంగు చూస్తూ, అప్పుడప్పుడు చెవి వంచి వింటూ, ఆ చోటు వదిలి లేవలేదు. దించమని చెప్పింది ఆమే. ఫిర్దోస్ అయితే ఇంకాసేపు ఉంచేది, కానీ ఎదురు చెప్పలేదు. "వీ, షెఫ్" అని దించింది.

మధ్యాహ్నానికి దిగిన మహబూబ్‌బీ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేకపోయింది. వంటింట్లో బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆమె గోడకు వేలాడుతున్న పెనాలను, కుండీని, వరసగా ఉన్న గిన్నెలను ఒక్కొక్కటే చూసింది. "వంటిల్లా, దుకాణమా?" అంది. దేగ్చీ తెచ్చి ఆమె ముందే పెట్టారు. షహజాదీ కత్తి మొనతో పిండి కట్టును పగలగొట్టి మూత తీసింది. ఆవిరి లేచింది. అందరి ముఖాలూ ఒక్కసారి మారడం షహజాదీ చూసింది. జమాలుద్దీన్ కళ్లు మూసుకున్నాడు. ఆ ఆవిరిలో ఏముందో ఆమెకు తెలియలేదు, కానీ ఏదో ఉందని వాళ్ల ముఖాల్లో కనిపించింది.

మెత్తబడ్డ ఎల్లిగడ్డ రెబ్బను నొక్కితే పొట్టులోంచి వెన్నలా జారింది. దాన్ని రొట్టె మీద రాసుకుని, కోడిముక్క పెట్టుకుని తినాలని ఫిర్దోస్ చూపించింది. మహబూబ్‌బీ తిన్నది.

"మసాలా ఏది? మిర్చి ఏది?" అంది. ఇంకో ముక్క వేసుకుంది. "ఏదో పిల్లలు తినేటట్టున్నది." ఇంకో రెండు రెబ్బలు నొక్కింది. తర్వాత మరదలి వైపు తిరిగింది. "కోడలు వండిందా నువ్వు వండినవా?"

"ఇద్దరం. దించింది నేను."

"నువ్వు వాసన చూసి దించితివంటే ఇగ చూసేదేముంటదిలే. నీ ముక్కు సంగతి నాకెర్కలేదా?"

సోహెల్ నీళ్ల గ్లాసు ఎత్తినవాడు తాగకుండా ఆగాడు. ఇన్నాళ్లూ చుట్టాల్లో ఎవరికీ చెప్పవద్దని షహజాదీ అందరి దగ్గరా మాట తీసుకుంది.

"నాకు ముక్కు పనిచేస్తలేదు ఆపా" అంది షహజాదీ. గొంతు మామూలుగానే ఉంది. "జ్వరం వచ్చినకాడికెంచి ఏ వాసన తెలుస్తలేదు. ఒకసారి గ్యాస్ లీకయితే గూడ తెల్వలే. ఈ పిల్ల చూడకపోతే నేనీడ ఉండకపోయేదాన్ని. ఇల్లు గూడ ఉండకపోయేది. నన్ను మంచం మీద కూసోబెట్టింది ఎవ్వరు కాదు, నేనే కూసున్న. లేపింది ఈమె. ఇప్పుడు చూసి వండుతాన, ఇని వండుతాన."

మహబూబ్‌బీ చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉంది. మరదలినీ, కోడలినీ మార్చి మార్చి చూసింది.

"వాసన లేకుంటనే గింత మంచిగ వండినవా?"

"మీరే చెప్పాలె. నాకు తెల్వది."

మహబూబ్‌బీ కొంచెంసేపు నమిలింది. "నాకు మోకాళ్లు పోయినయి, నీకు ముక్కు పోయింది. నా తమ్మునికి ఎప్పట్నుంచో మెదడు లేనే లేదు" అంది. జమాలుద్దీన్ అందరికంటే ముందు నవ్వాడు. ఆ తర్వాత మహబూబ్‌బీ ఫిర్దోస్‌ను దగ్గరికి పిలిచి, తల మీద చేయి పెట్టి, ఏదో దువా చదివింది. బస్సుకు బయల్దేరేటప్పుడు, తన ఇంట్లో కోడళ్లకు కూడా చూపించాలని కొంచెం కట్టివ్వమంది. మిగిలిన ముక్కలు కట్టిచ్చి, పిండి తాడు ఎట్లా చేయాలో కూడా ఫిర్దోస్ చెప్పింది. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

అప్పటికీ ఇప్పటికీ షహజాదీకి వాసన కొంత వచ్చింది. వచ్చిన తీరు విచిత్రంగా ఉంది. మొదట కాఫీ కాలిన రబ్బరులా అనిపించింది, సబ్బు మట్టిలా అనిపించింది. తర్వాత ఒక్కొక్కటీ సర్దుకున్నాయి. నిమ్మకాయ ఇప్పుడు నిమ్మకాయలాగే ఉంది. లవంగం దూరంగా, పక్కింట్లో నుంచి వచ్చినట్టు తెలుస్తుంది. కొత్తిమీర ఇంకా రాలేదు. రాకపోవచ్చని డాక్టర్ అన్నాడు. షహజాదీ దాని కోసం దిగులు పడటం మానేసింది. బిర్యానీ కూడా మళ్లీ దమ్ము పెడుతోంది, అంచున పిండి రంగు చూసి దించుతోంది. అనసూయకు ఉల్లిగడ్డ సూప్ నేర్పింది కూడా ఆమే. గంటసేపు గరిటె తిప్పడం తన వల్ల కాదని అనసూయ మొరాయిస్తే, "కూసో, నేను తిప్పుత, నువ్వు ముచ్చట చెప్పు" అంది.

మొన్న శుక్రవారం అత్తాకోడళ్లు ఇద్దరూ చేపల కోసం మార్కెట్‌కు పోయారు. వెనకటి రోజుల్లో షహజాదీ చేపను ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్క క్షణంలో తీసుకోవడమో వదిలేయడమో చేసేది. ఇప్పుడు అట్లా కాదు. కంటిలో మెరుపు ఉందా చూసింది. మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందా చూసింది. పొట్ట మీద వేలితో నొక్కి, గుంట పడకుండా తిరిగి లేచిందా చూసింది. ఒకదాని తర్వాత ఒకటి పక్కన పెడుతుంటే చేపలమ్మే ఆమెకు విసుగొచ్చింది.

"పెండ్లి సంబంధం చూస్తానవా అమ్మా?"

"అవును, మా కోడలు చూడమన్నది" అంది షహజాదీ.

నాలుగోది నచ్చింది. మంచి రవ్వు చేప, తూచి, పొలుసు తీయించి సంచిలో వేసుకున్నారు. ఆటోలో కూర్చోగానే వాదన మొదలైంది. వెన్నలో వేయించి పైన నిమ్మరసం పిండుదామని ఫిర్దోస్ అంటుంది. చింతపండు పులుసు తప్ప ఈ చేపకు ఇంకేదీ ఒప్పదని షహజాదీ అంటుంది. పోచమ్మ మైదాన్ దాటేసరికి సగం చేప వెన్నలో, సగం పులుసులో అని ఒప్పుకున్నారు. తలకాయ ఎటువైపు పోవాలన్నది మాత్రం ఇంటి ముందు ఆటో ఆగేదాకా తేలలేదు.